పాత కార్డు, వెనుకటి తేదీ

(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



నిన్నటినుండి ఈ సభయందు విద్యార్థి వేతన నిధిని గూర్చియు, వివాహ వేదికను గూర్చియు, స్వదేశమందలి వసతి గృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వాని యెదుట అల్పముగా దోచును. అది అరచేతిలో ఇమిడెడి యొక ప్లాస్టిక్కు ముక్కను గూర్చినది. క్రొత్తగా తీసికొనిన క్రెడిట్ కార్డు ఖాతాకు, మన యొద్ద పూర్వముండిన కార్డు తేదీని వేయించుకొనవచ్చునా యని మన సభ్యులు పలుమారు మమ్ము అడుగుచున్నారు. ఈ అమెరికా దేశమున ఇల్లు కొనుటకును, కారు కొనుటకును, తుదకు అద్దె యిల్లు దొరకుటకును గూడ ఈ తేదీతో నిమిత్తము కలుగుచున్నది గాన, అల్పమని త్రోసివేయక వినవలసినదిగా ప్రార్థించుచున్నాము.

మన యూళ్లలో వెనుకటి తేదీ వేసిన నోటు అనగానే మునసబు కోర్టు జ్ఞప్తికి వచ్చును. కాలదోషము పట్టిన బాకీని బ్రతికించుటకై పాత స్టాంపు కాగితమును వెదకి తెచ్చి, పాత తేదీ వేసి, గతించినవాని సాక్షి సంతకము దానిపై పెట్టించిన కథలు మన పెద్దలు ఎరుగనివి కావు. అట్టి వ్యాజ్యములలో చిక్కి మాగాణి పోగొట్టుకొన్న కుటుంబములును కలవు. కావున వెనుకటి తేదీ యను మాట వినగానే మనలో కొందరికి శంకయు, మఱికొందరికి ఆశయు కలుగుచున్నవి. శంకించువారు న్యాయముగా దొరకు మార్గమును గూడ విడిచివేయుచున్నారు. ఆశపడువారు మోసగాండ్ర వాత పడుచున్నారు. ఈ రెండు తెగలవారిని ఉద్దేశించియే మా ప్రసంగము.

ఈ దేశమున పరపతి లెక్కలు వ్రాసి యుంచు సంస్థలలో ముఖ్యమైనవి మూడు: ఈక్విఫాక్సు, ఎక్స్‌పీరియను, ట్రాన్స్‌యూనియను. వీనిలో మొదటిది 1899లో అట్లాంటా నగరమున రిటైల్ క్రెడిట్ కంపెనీ యను పేర పుట్టినది. ఎవరు అప్పు సకాలమున తీర్తురో, ఎవరు తీర్పరో వర్తకులకు తెలుపుటయే దాని ఆరంభ వ్యాపారము. మన యూరి షావుకారు ఆవర్జాకును దీనికిని మూలమున భేదము లేదు. అయితే షావుకారు మన ముఖము నెరుగును, మన తండ్రి నెరుగును. పంట పోయిన ఏడు ఒక మాట చెప్పిన వినును. ఈ పుస్తకమో, అంకెలను తేదీలను మాత్రమే ఎరుగును. ఆ అంకెలనుండి 300 మొదలు 850 వరకు స్కోరు కట్టెడి పద్ధతిని ఫెయిర్ ఐజాక్ సంస్థ 1989లో వాడుకలోనికి తెచ్చెను. ఆ సంస్థ ప్రకటించిన లెక్క ననుసరించి నూటికి 35 పాళ్లు సకాలమున చెల్లించుటకును, 30 పాళ్లు ఉన్న బాకీ మొత్తమునకును, 15 పాళ్లు చరిత్ర నిడివికిని, తక్కిన 20 పాళ్లు క్రొత్త అప్పులకును అప్పుల రకములకును చెందును. నేడు మనము ముచ్చటించునది ఆ 15 పాళ్లను గూర్చి.

చరిత్ర నిడివి యనగా మిక్కిలి పాత ఖాతా వయస్సు, మిక్కిలి క్రొత్త ఖాతా వయస్సు, అన్ని ఖాతాల సగటు వయస్సు. ఒకనికి 10 సంవత్సరముల కార్డొకటియు, 2 సంవత్సరముల కార్డొకటియు కలవనుకొనుడు. అతడు నేడు మూడవ కార్డు తీసికొనెనేని సగటు 6 నుండి 4 సంవత్సరములకు దిగును. ఆ మూడవ కార్డునకు మొదటి కార్డు తేదీయే వేసిరేని సగటు 7 సంవత్సరముల 4 నెలలగును. క్రొత్త కార్డు తీసికొని చిన్నవాడగుటకు బదులు పెద్దవాడగుచున్నాడు! ఇది ఊహ కాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ ఈ విధముగనే కొన్నాళ్లు నడపెను. 1850లో స్థాపింపబడి 1958లో కార్డు వ్యాపారమునకు దిగిన ఈ సంస్థ తన కార్డుపై సభ్యుడు ఏ సంవత్సరమున చేరెనో ముద్రించుచుండెడిది. 1999లో చేరినవాడు 2013లో మఱొక కార్డు తీసికొనినను, పరపతి సంస్థలకు పంపు లెక్కలో ఆ క్రొత్త ఖాతా 1999లో తెరచినట్లే వ్రాయుచుండిరి. పాత కార్డు మూసికొని పోయి యున్నను, నాటి సంఖ్యయో చిరునామాయో చెప్పి పాత దస్త్రమును పట్టించిన యెడల ఆ సంవత్సరమును మఱల ఇచ్చుచుండిరి. ఈ రహస్యము తెలిసిన మన యువకులు దానిని వినియోగించుకొనిరి. అందు తప్పేమియు లేదు. సంస్థ తానుగా ఇచ్చినదే కదా.

ఆ యాచారము 2015 మార్చితో ముగిసినది. అప్పటినుండి తెరచిన ఖాతాలకు నిజముగా తెరచిన తేదీయే పరపతి సంస్థలకు పంపబడుచున్నది. సభ్యత్వ సంవత్సరమన్నది సంస్థ యొక్క స్వంత దస్త్రములకు చెందిన మర్యాద మాత్రమే. పాత కార్డు వివరములు చూపి దానిని సవరింపించుకొన్నను, స్కోరు కట్టువాడు దానిని చూడడు. ఇది ఎరుగక నేటికిని గంటలకొలది టెలిఫోను పట్టుకొని, కార్డుపై పాత సంవత్సరమును సంపాదించి, స్కోరు పెరుగునని ఎదురుచూచువారు కలరు. వారికి దొరకినది పెండ్లి శుభలేఖపై వంశనామమువంటిది. చూచుటకు బాగుండును, బ్యాంకులో చెల్లదు.

ఇక మా స్వంత తెలివితక్కువను గూడ చెప్పుకొనవలసియున్నది. మేము ఈ దేశమునకు 1998లో వచ్చితిమి. మొదటి కార్డు 300 డాలర్లు ధరావతు కట్టించుకొని యిచ్చినది. అది చేతికి వచ్చిన దినమున మేమును మా యింటివారును దానిని దేవుని పటము ముందుంచి తీసికొంటిమనిన మీరు నవ్వుదురేమో! 2006 నాటికి మా యొద్ద మంచి కార్డులు చేరినవి. ఈ ముసలి కార్డునకు సాలీనా రుసుమేల యని దానిని మూయించితిమి. స్కోరు ఒక్క అంకె గూడ కదలలేదు. మా తెలివికి మేమే మెచ్చుకొంటిమి. మూసిన ఖాతా మచ్చ లేనిదైనచో సుమారు 10 సంవత్సరములు రిపోర్టునందే యుండుననియు, అంతవరకు ఫెయిర్ ఐజాక్ లెక్కలో దాని వయస్సు కలియుచునే యుండుననియు మాకు తెలియదు. 2016లో అది నిశ్శబ్దముగా జారిపోయెను. 1998 పోయి, మా చరిత్ర 2003తో ఆరంభమయ్యెను. మఱుసటి యేట ఇంటి అప్పు తిరుగ వ్రాయించుకొనబోయినపుడు గాని మేము గమనింపలేదు. ఆ బ్యాంకువారికి టెలిఫోను చేసి, పాత ధరావతు రసీదు చూపెదము, తేదీ మఱల వేయుడని అడిగితిమి. అచటి గుమాస్తా మర్యాదగనే మాటాడెను. మూసిన ఖాతా తెరవబడదు, క్రొత్త కార్డు తీసికొనవచ్చును, దాని తేదీ నేటిదే, అని చెప్పెను.

మాకు కలిగిన నష్టము మాత్రము కొద్దియే. మాకు ఇతర ఖాతాలు పెక్కు కలవు గనుక నాలుగైదేండ్లు తగ్గినను అప్పు పుట్టినది. ఈ విషయమున సభవారికి మేము ముఖ్యముగా మనవి చేయునది ఇదియే: పది ఖాతాలున్న సంపన్నునకు తేదీ యొక అలంకారము, ఒకే ఖాతా యున్న పేదవానికి, క్రొత్తవానికి, ఒంటరి స్త్రీకి అదియే సర్వస్వము. పాత తేదీకొరకు ఎక్కువ శ్రమపడుచున్నవారు మాత్రము సంపన్నులే!

న్యాయమైన మార్గములేవి యందురా? ఖాతాను మూయక దానినే మఱొక రకపు కార్డుగా మార్పించుకొనుట మొదటిది. రుసుము గల కార్డును అదే బ్యాంకువారి రుసుము లేని కార్డుగా మార్చుడని అడిగినచో సాధారణముగా ఖాతా అదియే యుండును, తేదీయు అదియే యుండును. మేము 2006లో ఈ ఒక్క మాట అడిగియున్న బాగుండెడిది. కార్డు పోయి క్రొత్త సంఖ్య వచ్చినపుడు పాత తేదీ వెంట రావలయును; రానియెడల అది పొరపాటు, పొరపాటును దిద్దించుకొనుట మన హక్కు. మా కోడలి కార్డు దొంగిలింపబడినపుడు ఇట్లే జరిగినది. క్రొత్త సంఖ్య క్రొత్త ఖాతాగా నమోదయ్యెను. ఏడేండ్ల చరిత్ర ఒక ప్రక్కను, ఏడు దినముల శిశువొకటి ఇంకొక ప్రక్కను కనబడెను. పాత సంఖ్యతో వచ్చిన కడపటి లెక్క కాగితమును, క్రొత్త సంఖ్యతో వచ్చిన మొదటి కాగితమును జతపరచి, అదే బాకీ ఇందునుండి అందులోనికి వచ్చెనని గీత గీసి చూపి, పరపతి సంస్థకును బ్యాంకునకును వ్రాసితిమి. 1970 నాటి పరపతి నివేదికల చట్టము క్రింద ఇట్టి ఆక్షేపణకు రుసుము లేదు. సామాన్యముగా 30 దినములలో విచారింపవలెను. తేదీ సరిచేయబడెను. ఇట్టి సందర్భమున వెనుకటి తేదీ వేయించుకొనుట యనగా నిజమైన తేదీని తిరిగి తెచ్చుకొనుటయే గాని వేరొండు కాదు. కావుననే లెక్క కాగితములను పారవేయవలదని మా విన్నపము. మన పెద్దలు దస్తావేజులను భద్రపరచినట్లు మొదటి కాగితమును, సాలునకొక కాగితమును భద్రపరచుడు.

ఇప్పుడు మమ్ము ఈ వేదిక నెక్కించిన విషయమునకు వచ్చుచున్నాము.

మన సంఘమున ఒక సోదరి కలదు. పేరు చెప్పము; ఆమె అనుమతితోనే ఇది చెప్పుచున్నాము. భర్త యింజనీరు. ఆమె ఆశ్రిత వీసాపై వచ్చినది. ఉద్యోగానుమతి లేని భార్యకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య సాధారణముగా లభింపదు. అట్టివారిలో కొందరికి ఉద్యోగానుమతి 2015 మే నెలనుండి గదా మొదలైనది. ఆ సంఖ్య లేనిదే స్వంత కార్డు సులభముగా దొరకదు. కనుక భర్త కార్డుపైననే ఆమెకు అదనపు కార్డు వచ్చినది. 14 సంవత్సరములు ఇంటి సరకులు, పిల్లల బడి ఖర్చులు, మందులు, విమానపు టిక్కెట్లు అన్నియు ఆమెయే వాడెను. నెలనెలా గడువు తప్పక చెల్లించినదియు ఆమెయే. భర్తకు గడువు తేదీ ఏదో గూడ తెలియదట! ఆయన అకస్మాత్తుగా గతించెను. బ్యాంకునకు తెలుపగానే ఖాతా మూయబడెను, ఆమె చేతి కార్డు చెల్లకపోయెను. అప్పటికామెకు ఉద్యోగానుమతియు, చిన్న కొలువును లభించియున్నవి. కొలువునకు పోవుటకు కారు కావలెను. అప్పునకు దరఖాస్తు పెట్టగా, పరపతి చరిత్ర చాలదని తిరస్కార పత్రము వచ్చెను. ఆమె ఆ కాగితము పట్టుకొని మా యింటికి వచ్చి, "అన్నయ్యగారూ, ఆ పద్నాలుగేండ్లూ నేను కట్టినవి కావాండీ?" అని అడిగెను. వెంటనే చెప్పదగిన సమాధానము మా యొద్ద లేకపోయెను.

తరువాత తెలిసికొంటిమి. 1974లో ఈ దేశమున సమాన పరపతి అవకాశ చట్టము వచ్చెను. అంతకుముందు వివాహిత స్త్రీ పేర ఖాతా తెరచుటయే కష్టముగా నుండెడిది. ఆ చట్టము క్రింది నిబంధనలలో మనవారికి తెలియనిది యొకటి కలదు. అప్పిచ్చువాడు పరపతి చరిత్రను చూచునెడల, భర్త పేరనున్న ఖాతా చరిత్ర దొరకునంతవరకు దానిని గూడ భార్య కోరినపుడు పరిశీలింపవలెను. అయితే ఆ చరిత్ర తన నడవడికను నిజముగా తెలుపుచున్నదని ఆమె చూపవలెను. విడిపోయిన భర్త ఖాతాకు గూడ ఇదే వర్తించును. ఆమె అడుగనిదే ఎవరును చూడరు. అడిగిన యెడల చూడక తప్పదు. చూచిన పిమ్మట ఇయ్యక తప్పదని మాత్రము చట్టమున లేదు. దీనివలన రిపోర్టునందలి తేదీ మారదు. కాని ఆ పద్నాలుగేండ్లను అప్పిచ్చువాని బల్లమీద ఉంచుటకు హక్కు లభించును.

ఆమె యింట బీరువానిండ కాగితములుండెను. ఆ కార్డు సొమ్ము ఇద్దరి పేరనున్న బ్యాంకు ఖాతానుండి పోయినట్లు చూపు లెక్కలు, ఆమె పేరు ముద్రించిన కార్డు వచ్చిన నాటి లేఖ, మరణ ధ్రువపత్రము, అన్నియు వరుసగా పేర్చితిమి. ఈ నిబంధనను పేర్కొనుచు ఆమె సంతకముతో రెండు పుటల లేఖ వ్రాయించితిమి. అప్పిచ్చువారు మఱల చూచిరి. అడిగినంత యీయలేదు, వడ్డీ గూడ మేము కోరినదానికన్న ఎక్కువే. ఆమె క్రొత్త కారు మాట విడిచి పాత కారు కొనెను. మొదటి కంతు కట్టిన దినమున రసీదు ప్రతిని మాకు పంపినది; దానిని మేము దాచుకొంటిమి.

సోదరులారా! ఈ కథలో లోపము బ్యాంకువారిది మాత్రమే కాదు. భార్యకు ఉద్యోగానుమతి వచ్చినదినము మొదలుకొని ఆమె పేర స్వంత కార్డొకటి తెరచియుండవచ్చును కదా! చిన్న ధరావతు కార్డైనను చాలును. మన యిండ్లలో స్త్రీధనమనగా బంగారము, చీరలు, మిక్కిలియైన పొలము అని యెంచుచున్నాము. ఈ దేశమున ఆమె పేర నడచు ఒక్క ఖాతా గూడ స్త్రీధనమే యని మా యభిప్రాయము. కొందరు పెద్దలకు ఈ మాట రుచింపకపోవచ్చును. ఇంటిలో రెండు లెక్కలేల యని మమ్ము అడిగినవారు కలరు. వారిండ్లలోని ఆడపడుచులనే అడిగి చూడుడని వారికి మా ప్రత్యుత్తరము.

స్వదేశమునుండి క్రొత్తగా వచ్చు విద్యార్థులను గూర్చి ఒక మాట. ఇండియాలో సిబిల్ సంస్థ 2000లో ఏర్పడినది; అచటి స్కోరు 300 నుండి 900 వరకు. హైదరాబాదులోనో విజయవాడలోనో పదేండ్లు మచ్చలేక నడపిన కార్డు చరిత్ర ఇచటి పుస్తకములలోనికి ఎక్కదు. విమానము దిగిన నాడు ఎంత ఘనుడైనను పసిబిడ్డయే. కాని 2019లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ నోవా క్రెడిట్ అను సంస్థతో కూడి, ఇండియా మొదలగు కొన్ని దేశముల పరపతి నివేదికలను దరఖాస్తుదారుని అనుమతితో తెప్పించి చూచుట మొదలిడెను. ఇందు గూడ తేదీ దిగుమతి కాదు; మొదటి కార్డు ఇచ్చుటా మానుటా యను నిర్ణయమునకు మాత్రమే అది ఆధారము. అట్లు వచ్చిన మొదటి కార్డును మూయవలదు. దానితో నెలకొక కాఫీ కొని గడువులో చెల్లించుచుండుడు.

ఇక మోసగాండ్రు. వెనుకటి తేదీ వేయింతుమని ప్రకటించువారిలో ఒక తెగవారు రుసుము పుచ్చుకొని, మీరెన్నడును చూడని యొకని పాత కార్డుపై మీ పేరు చేర్పింతురు. తండ్రి కార్డుపై కుమారుని, భర్త కార్డుపై భార్యను చేర్చుట వేరు, ఇది వేరు. పెద్ద అప్పు వ్రాయువారు ఈ పద్దును చూచి ఆయన మీకేమగునని అడుగుదురు. అపుడేమి చెప్పుదురు? మఱొక తెగవారు సోషల్ సెక్యూరిటీ సంఖ్యకు మారుగా తొమ్మిదంకెల క్రొత్త సంఖ్యనిచ్చి, దానితో చరిత్రను నూతనముగా కట్టుకొనుడందురు. ఇది కేవలము నేరము. పెక్కుమార్లు ఆ సంఖ్య ఎవడో పసివానిదగును. అప్పు దరఖాస్తునందు తెలిసి తెలిసి బ్యాంకునకు అబద్ధము వ్రాసినవానికి ఈ దేశపు చట్టము 30 సంవత్సరములవరకు కారాగారమును విధింపవచ్చును. వీసాపై నున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పరపతి బాగుచేయుదుమనువారు పని ముగియకముందు సొమ్ము పుచ్చుకొనరాదని 1996 నాటి చట్టము నిషేధించుచున్నది. ఒప్పందమును మూడు పనిదినములలో రద్దుచేసికొనుటకు మనకు హక్కు కలదు. ముందుగా సొమ్మడిగినవాడు ఎవడో ఆ ఒక్క గుర్తుతోనే తెలియును. అట్టివాడు మన భాష మాటాడవచ్చును, మన యింటిపేరే గలవాడు కావచ్చును. ఇది చెప్పుటకు మాకు బాధగానే యున్నది.

పోషక మహనీయులకు ఒక విన్నపము. విద్యార్థి వేతనములకు మీరిచ్చుచున్న విరాళములకు సంఘము కృతజ్ఞము. ఈ పనికి మేము ద్రవ్యము నడుగుట లేదు. మీలో బ్యాంకులలోను, న్యాయవాద వృత్తిలోను ఉన్నవారు నెలకొక సాయంకాలము ఈయవలెనని కోరుచున్నాము. తిరస్కార పత్రము వచ్చిన సోదరి ఒంటరిగా దానిని చదువుకొనరాదు. ఆ పత్రములో కారణము వ్రాసియుండును, లేదా కారణము అడుగు హక్కు వ్రాసియుండును. అది వచ్చిన 60 దినములలోపల ఆ రిపోర్టును ఉచితముగా తెప్పించుకొనవచ్చును. దీనిని చదివి చెప్పుటకు ఒక మనిషి కావలెను, అంతే.

రేపు ఉదయము 9 గంటలకు భోజనశాల ప్రక్క గదిలో మేమును, మఱి ఇరువురు మిత్రులును కూర్చుందుము. మూడు సంస్థల రిపోర్టులను ఇంటర్నెట్టునందు ఉచితముగా తీసికొనవచ్చును. ఈ రాత్రియే తీసికొని అచ్చువేసి తెండు. ఖాతా సంఖ్యలలో కడపటి నాలుగంకెలు తప్ప తక్కినవి కొట్టివేసి తెండు. మాకు గూడ చూపవలదు. పాత లెక్క కాగితములున్నవారు వానిని తెండు. దంపతులు ఇరువురును రండు. మా సోదరి కూడ వచ్చుచున్నది. లేఖ ఎట్లు వ్రాయవలెనో మాకన్న ఆమెయే బాగుగా చెప్పును.